ద్రవ్యరాశి ఇవ్వకపోతే వాలు తలం మీద త్వరణం కట్టేదెలా? ఏ లెక్కకు ఏ దారి మేలు

“సార్, ఎం ఇవ్వలేదు.” ఇంటర్ ఫస్టియర్‌లో గమన నియమాల పాఠం మొదలైన వారం లోపే ఈ మాట వినపడుతుంది. ప్రశ్న చిన్నదే. 30 డిగ్రీల వాలు తలం మీద ఒక దిమ్మె జారుతోంది, గతిజ ఘర్షణ గుణకం 0.2, త్వరణం ఎంత? పిల్లలు ప్రశ్నను రెండోసారి, మూడోసారి చదువుతారు. ద్రవ్యరాశి ఎక్కడా కనపడదు. బలం అంటే ఎం ఇంటూ ఏ అని నిన్ననే నేర్చుకున్నాం కదా, ఎం లేకుండా ఏ ఎక్కడి నుంచి వస్తుందని టెన్షన్. కొందరు ఒక కిలో అనుకుని వేసేస్తారు. జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ ఎందుకు వచ్చిందో వాళ్లకు తెలియదు. తర్వాత లెక్క కొంచెం మారితే అక్కడే ఆగిపోతారు.

ఎం ఇవ్వలేదంటే లెక్కలో ఏదో తగ్గిందని కాదు. ఆ లెక్కకు ఎం అక్కర్లేదని అర్థం. చూసుకోవాల్సింది మీ చేతిలో ఏమున్నాయన్నది: కోణమా, ఘర్షణ గుణకమా, పొడవు, కాలమా, లేక ఒక బల్లా ఒక ఫోనా. దాన్ని బట్టి దారి మారుతుంది.

ముందు ఎం ఎందుకు పోతుందో ఒకసారి కళ్లారా చూద్దాం. మార్కెట్ యార్డులో లారీ మీది నుంచి నేలకు చెక్క వాల్చి బస్తాలు జార్చడం మీరు చూసే ఉంటారు. 50 కిలోల బస్తా, 25 కిలోల బస్తా ఒకే రకం సంచుల్లో ఉంటే రెండూ దాదాపు ఒకేలా జారుతాయి. పెద్ద బస్తాను భూమి రెండింతలు లాగుతుంది, నిజమే. కానీ దాన్ని కదిలించడమూ రెండింతలు కష్టం. అది చెక్కను రెండింతలు గట్టిగా నొక్కుతుంది కాబట్టి ఘర్షణ కూడా రెండింతలే. లాగేది, ఆపేది, కదలనని మొరాయించేది మూడూ ఒకే లెక్కన పెరిగితే త్వరణం మారడానికి కారణమే లేదు. జారుడు బల్ల మీద లావుగా ఉన్న పిల్లవాడే ముందు కిందికి వస్తాడని పందెం కాసేవాళ్లు ఓడిపోయేది ఇందుకే. అక్కడ గెలుపు ఎవరి బట్టలు నున్నగా ఉన్నాయన్న దాని మీద ఉంటుంది.

కోణం, ఘర్షణ గుణకం ఇచ్చారా? బలాల పటమే

పరీక్షలో వచ్చే లెక్కల్లో ఎక్కువ భాగం ఇవే. దిమ్మెను గీసి దాని మీద పనిచేసే బలాలు మాత్రమే గీయండి. బరువు నిట్టనిలువుగా కిందికి, అభిలంబ ప్రతిచర్య తలానికి లంబంగా పైకి, ఘర్షణ జారుడుకు ఎదురుగా. బరువును రెండు అంశాలుగా విడదీస్తే వాలు వెంట లాగేది ఎం జీ సైన్ తీటా, తలాన్ని నొక్కేది ఎం జీ కాస్ తీటా. ఇక్కడ ఎం ద్రవ్యరాశి, జీ గురుత్వ త్వరణం, తీటా వాలు కోణం. ఘర్షణ గుణకం మ్యూ అయితే, ఘర్షణ అంటే మ్యూ ఇంటూ ఎం జీ కాస్ తీటా. కుడివైపు ఎం ఏ. ఇప్పుడు ప్రతి పదంలోనూ ఎం ఉంది. అన్నిటినీ ఎం తో భాగిస్తే మిగిలేది ఇది:

త్వరణం = జీ × (సైన్ తీటా − మ్యూ × కాస్ తీటా)

మన లెక్కలో 9.8 × (0.5 − 0.2 × 0.866), అంటే సుమారు 3.2 మీ/సె². తలం నునుపైతే మ్యూ సున్నా, త్వరణం 4.9.

సైన్ ఎక్కడ, కాస్ ఎక్కడ అని తడబడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, బల్లను మనసులో అటూ ఇటూ వంచి చూడండి. పూర్తిగా పడుకోబెడితే దిమ్మె జారదు, సైన్ సున్నా కూడా సున్నాయే. నిట్టనిలువుగా నిలబెడితే దిమ్మె రాయిలా కింద పడుతుంది, సైన్ 90 అంటే 1, త్వరణం జీ. కాబట్టి లాగేదానికి సైనే. ఈ పరీక్షకు పది సెకన్లు పట్టదు, బట్టీ పట్టిన సూత్రం కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఎం అనే అక్షరాన్ని మొదటి వరుసలోనే వదిలేయకండి. రాయండి, తర్వాత కొట్టేయండి. స్టెప్ మార్కుల కోసం మాత్రమే కాదు. ఏ పదంలో ఎం లేదో ఆ పదం దగ్గర అది కొట్టుడు పోదు. అది కంటికి కనిపిస్తేనే ఈ లెక్కకు ద్రవ్యరాశి కావాలా వద్దా అన్నది మీకు మీరే తేల్చుకోగలరు.

ఈ దారిలో ఉన్న పెద్ద గుంట ఒకటుంది. అదే 30 డిగ్రీల తలం, ఘర్షణ గుణకం 0.6, దిమ్మెను మెల్లగా ఉంచి వదిలారు. సూత్రంలో వేస్తే 0.5 లోంచి 0.52 తీసేయాలి, త్వరణం దాదాపు మైనస్ 0.2 వస్తుంది. ఏటా కొందరు ఆ మైనస్‌ను చూసి దిమ్మె పైకి పోతుందని రాస్తారు. వదిలేసిన బస్తా తనంతట తాను లారీ ఎక్కదు కదా. అక్కడ జవాబు సున్నా. ఘర్షణ ఎప్పుడూ మ్యూ ఎం జీ కాస్ తీటా అంత ఉండదు. ఆపడానికి ఎంత కావాలో అంతే ఇస్తుంది, ఆ విలువ దాని గరిష్ఠ హద్దు మాత్రమే. అందుకే త్వరణం కట్టే ముందు అసలు కదులుతుందా అని అడగాలి. కోణం టాంజెంట్ విలువ స్థైతిక ఘర్షణ గుణకం, అంటే దిమ్మె ఇంకా కదలనప్పటి గుణకం కంటే ఎక్కువైతేనే దిమ్మె కదులుతుంది. రెండూ సరిగ్గా సమానమయ్యే కోణమే విశ్రాంతి కోణం. దాన్ని చెప్పడానికి కూడా ద్రవ్యరాశి అక్కర్లేదు.

దిమ్మెను కింది నుంచి పైకి నెట్టి వదిలితే ఘర్షణ కూడా కిందికే లాగుతుంది, బ్రాకెట్‌లో మైనస్ ప్లస్ అవుతుంది. దిమ్మె పైకి పోతూ వేగం తగ్గే రేటు, కిందికి వస్తూ వేగం పెరిగే రేటు రెండూ తెలిస్తే వాటి సగటు జీ సైన్ తీటా. తేడాలో సగం మ్యూ జీ కాస్ తీటా. ఇది చాలామంది గమనించని సౌకర్యం. ముందు చెప్పిన 30 డిగ్రీల లెక్కలో పైకి 6.6, కిందికి 3.2, సగటు 4.9.

శక్తి నియమం ఎప్పుడు?

ఎత్తు ఇచ్చి అడుగున వేగం అడిగితే శక్తి నియమం సుఖం. త్వరణం అడిగితే, జారే దిమ్మెకు అది చుట్టుదారి. 2 మీటర్ల వాలు, 30 డిగ్రీలు, మ్యూ 0.2 అనుకోండి. ఎత్తు 1 మీటరు. ప్రతి కిలోకూ తగ్గే స్థితిజ శక్తి 9.8 జౌళ్లు, ఘర్షణ తినేది 3.4 జౌళ్లు, మిగిలింది 6.4. అదే వేగం వర్గంలో సగం కాబట్టి వేగం వర్గం 12.8. దాన్ని రెండింతల పొడవుతో, అంటే 4 తో భాగిస్తే 3.2. అదే జవాబు, రెండు మెట్లు ఎక్కువ. చివరి మెట్టులో పొడవుకు బదులు ఎత్తు వేసేవాళ్లు చాలామంది. ఇక్కడ అలా వేస్తే 6.4 వస్తుంది, సరిగ్గా రెండింతలు. నునుపు తలమైనా 4.9 దాటదని గుర్తుంటే ఆ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

దొర్లే వస్తువుల దగ్గర మాత్రం నా ఓటు శక్తి నియమానికే. గోళం, చక్రం, కంకణం జారకుండా దొర్లుతున్నప్పుడు ఘర్షణ ఉంటుంది కానీ శక్తిని తినదు. తలాన్ని తాకే బిందువు ఆ క్షణంలో నిలిచే ఉంటుంది కాబట్టి. అందుకే అక్కడ మ్యూ కాస్ తీటా తీసేయడం శుద్ధ తప్పు. బలాల దారిలో పోతే ఘర్షణ ఎంతో తెలియదు, టార్క్ (తిప్పే ప్రభావం) సమీకరణం ఇంకోటి రాయాలి. శక్తి దారిలో, తగ్గిన స్థితిజ శక్తి కొంత ముందుకు పోవడానికి, కొంత తిరగడానికి పంచుకుంటుందని ఒక్క వరుస రాస్తే చాలు. ద్రవ్యరాశి పోతుంది, వ్యాసార్థం కూడా పోతుంది. మిగిలేవి కోణం, ఆకారం. నిండు గోళానికి జీ సైన్ తీటాలో 5/7 వంతు, నిండు స్తూపానికి, బిళ్లకు 2/3, బోలు గోళానికి 3/5, కంకణానికి సగం. గోళీ అయినా ఇనుప గుండు అయినా 5/7 వంతే.

ఇది ఇంట్లో చూడాలంటే ఒకేలాంటి రెండు గుండ్రటి సీసాలు తీసుకోండి. ఒకదాన్ని నీళ్లతో అంచుదాకా, రెండోదాన్ని ఇసుకతో గట్టిగా కూరి నింపి, ఒకే బల్ల మీద పక్కపక్కన వదలండి. నీళ్ల సీసా ముందు వస్తుంది. ఇసుక సీసా బరువెక్కువ కాబట్టి వెనకబడిందని అనుకోకండి. ఇసుక సీసాతో పాటు తిరగాలి, నీళ్లు దాదాపు తిరగకుండానే ముందుకు సాగిపోతాయి. ద్రవ్యరాశి ఎంతన్నది కాక, దానిలో ఎంత భాగం తిరుగుతోంది, ఇరుసుకు ఎంత దూరంలో ఉంది అన్నవే అక్కడ తేడా తెస్తాయి.

వంకర తిరిగిన జారుడు బల్లకు శక్తి నియమం వేగాన్ని ఇస్తుంది, త్వరణాన్ని ఇవ్వదు. వాలు చోటు చోటుకూ మారుతుంటే త్వరణమూ మారుతుంది. అప్పుడు ఏ చోట అడిగారో ఆ చోటి కోణంతో బలాల పటం గీయక తప్పదు.

కోణమూ తెలియదు, ఘర్షణా తెలియదు: కాలం కొలవండి

పొడవు, కాలం తెలిస్తే ఇంకేమీ అక్కర్లేదు. నిలకడ నుంచి బయల్దేరితే త్వరణం అంటే రెండింతల పొడవును కాలం వర్గంతో భాగించడమే. జీ కూడా అక్కర్లేదు. 1600 తొలి సంవత్సరాల్లో పాదువాలో ఉంటూ గెలీలియో పట్టుకున్న దారి ఇదే. చెక్క దూలంలో గాడి తీసి, లోపల నున్నటి తోలు కాగితం అంటించి, కంచు గుండును దొర్లించాడు. గడియారం లేదు కాబట్టి పాత్రలోంచి సన్నగా కారిన నీటిని తూచి కాలం కొలిచానని 1638లో లైడెన్‌లో అచ్చయిన గ్రంథంలో రాశాడు. నిట్టనిలువుగా పడే వస్తువు ఆయన కొలతకు అందనంత వేగంగా పడిపోతుంది. వాలు ఆ పడటాన్నే నిదానం చేసింది.

మనం కూడా ఆ నిదానాన్నే వాడుకోవాలి. పిల్లలు ప్రయోగమంటే బల్లను నిటారుగా ఎత్తేస్తారు, జోరుగా జారితే బాగుంటుందని. 30 డిగ్రీల నునుపు వాలు మీద 2 మీటర్లు జారడానికి పట్టేది 0.9 సెకను. ఫోన్ స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందంటే కాలంలో తప్పు 22 శాతం, కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి త్వరణంలో దాదాపు రెండింతలు. అదే 2 మీటర్ల చదును బల్లను ఒక చివర 10 సెంటీమీటర్లు మాత్రమే ఎత్తి నిండు గోళాన్ని దొర్లిస్తే త్వరణం 0.35 మీ/సె², కాలం 3.4 సెకన్లు. అప్పుడు అదే 0.2 సెకను వల్ల కాలంలో వచ్చే తప్పు 6 శాతమే. పదిసార్లు వదిలి సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది. గాడి తీసిన బల్లయితే గోళం గాడి అంచుల మీద దొర్లుతుంది, త్వరణం 5/7 వంతు కంటే కొంచెం తగ్గుతుంది. చదును బల్లే మేలు.

స్టాప్‌వాచ్ కంటే వీడియో నయం. బల్ల పక్కన టేపు పరిచి, ఫోన్‌ను కదలకుండా నిలబెట్టి తీయండి. సెకనుకు 30 ఫ్రేములైతే ప్రతి పదిహేనో ఫ్రేము అరసెకను. పైన చెప్పిన వాలు మీద గోళం మొదటి అరసెకనులో 4.4 సెంటీమీటర్లు, తర్వాత 13.1, 21.9, 30.6 చొప్పున పోతుంది. 1, 3, 5, 7 నిష్పత్తి. ఒక్కో మెట్టుకూ పెరుగుదల 8.75 సెంటీమీటర్లు, దాన్ని అరసెకను వర్గంతో, అంటే 0.25 తో భాగిస్తే 35 సెం.మీ/సె². ఈ దారిలో ఇంకో సుఖముంది. పెరుగుదలలు సమానంగా రాకపోతే త్వరణం స్థిరంగా లేదని, బల్ల మధ్యలో ఎక్కడో గరుకుగా ఉందని వెంటనే తెలిసిపోతుంది. మొదలూ చివరా మాత్రమే కొలిచే స్టాప్‌వాచ్ ఆ సంగతి చెప్పదు.

పోటీ పరీక్షల్లో తరచూ కనిపించే ఒక బిట్ కూడా ఈ కోవలోదే. 45 డిగ్రీల గరుకు తలం మీద జారడానికి పట్టే కాలం, అదే కోణం అదే పొడవు ఉన్న నునుపు తలం మీద పట్టే కాలానికి రెండింతలైతే ఘర్షణ గుణకమెంత? ద్రవ్యరాశి లేదు, పొడవు లేదు, జీ కూడా లేదు. కాలం రెండింతలైతే త్వరణం నాలుగో వంతు. 45 డిగ్రీల దగ్గర సైన్, కాస్ సమానం కాబట్టి 1 లోంచి మ్యూ తీసేస్తే 1/4, మ్యూ 0.75. ఇలాంటి చోట ఒక్క దారినే పట్టుకోకుండా కాలం, బలాలు రెండూ కలపాలి.

ఫోన్ సెన్సర్‌తో అయితే

జర్మనీలో ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లోని త్వరణ సెన్సర్ రీడింగులను గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఫోన్‌కు మందపాటి కవర్ తొడిగి, బల్ల అడుగున దిండు పెట్టి, పొడవు వాలు వెంట ఉండేలా పెట్టి వదలడమే పని.

మొదటిసారి నా విద్యార్థులతో ఇది చేయించినప్పుడు అందరం అయోమయంలో పడ్డాం. చేత్తో పట్టుకుని ఉంచినప్పుడు వాలు వెంట రీడింగు 4.1 చూపించింది, వదిలి జారుతుంటే 2.2కి పడిపోయింది. కదలనప్పుడు ఎక్కువ, కదిలితే తక్కువ. సెన్సర్ పాడైందని ఒక అమ్మాయి, ఫోన్ తిరగేసి పెట్టామని ఇంకో అబ్బాయి. కాగితం తీసుకుని బలాల పటం గీశాకే విషయం అర్థమైంది. ఆ సెన్సర్ గురుత్వాన్ని విడిగా గుర్తించలేదు. ఫోన్‌ను వేరే ఏదైనా తాకి నెట్టే బలాన్నే, కిలోకు ఇంత అని చూపిస్తుంది. చేత్తో ఆపినప్పుడు ఆపుతున్న బలం కిలోకు జీ సైన్ తీటా. జారేటప్పుడు వాలు వెంట తాకుతున్నది ఘర్షణ ఒక్కటే, అది మ్యూ జీ కాస్ తీటా. పూర్తిగా నునుపు బల్ల ఉంటే జారేటప్పుడు సున్నా చూపించేది.

అంటే ఆ రెండు రీడింగుల తేడాయే మనకు కావాల్సిన త్వరణం, 1.9 మీ/సె². తలానికి లంబంగా ఉన్న రీడింగు 8.9 ఉంది, 2.2ను దానితో భాగిస్తే మ్యూ 0.25. కోణం కొలవలేదు, ఫోన్ బరువు తూచలేదు, స్టాప్‌వాచ్ నొక్కలేదు. ఆ రోజు తరగతిలో అందరి మొహాలూ వెలిగిపోవడం నాకింకా గుర్తుంది. అదే యాప్‌లో గురుత్వం తీసేసి చూపించే రీడింగు కూడా ఉంది. అది కోణాన్ని ఫోన్ లోలోపల అంచనా కట్టి చేసే తీసివేత, సెకనులో అయిపోయే జారుడులో అంత నమ్మకంగా ఉండదు. నేనైతే రెండు ముడి రీడింగుల తేడానే తీసుకుంటాను.

తరగతి గదిలో, ఇంట్లో చేయడానికి ఒక్కటే ఎంచుకోమంటే, జారే వస్తువుకు ఫోన్ సెన్సర్, దొర్లే వస్తువుకు వీడియో. జీ విలువ పరీక్షలో వాళ్లు ఇచ్చినదే వాడండి, 10 అంటే 10. ప్రయోగంలో 9.8 చాలు. హైదరాబాద్‌లో అసలు విలువ 9.78 దగ్గర ఉంటుంది, మన బల్ల మీద ఆ తేడా కనపడదు.

ఎం నిజంగా కావాల్సిన చోట్లు

వాలు మీది దిమ్మెకు తాడు కట్టి, కప్పీ మీదుగా ఇంకో దిమ్మె వేలాడదీస్తే ద్రవ్యరాశులు అక్కర్లేదు కానీ వాటి నిష్పత్తి కావాలి. 30 డిగ్రీల నునుపు తలం మీద రెండూ సమానమైతే త్వరణం జీలో నాలుగో వంతు, సుమారు 2.45. వాలు మీది దిమ్మె రెండో దానికి రెండింతలైతే లాగుడు రెండు వైపులా సమానం, త్వరణం సున్నా.

బయటి నుంచి చేత్తోనో స్ప్రింగుతోనో ఇన్ని న్యూటన్లని నెట్టినప్పుడు సంగతి వేరు. 20 న్యూటన్లతో వాలు వెంట పైకి నెట్టారంటే ఆ 20 పక్కన ఎం లేదు, భాగించినప్పుడు అది 20 బై ఎం గా మిగిలిపోతుంది. ఒక కిలో అనుకుని వేసేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. వేగంగా పోయే వస్తువుకు గాలి నిరోధమూ అంతే, అది ద్రవ్యరాశితో పాటు పెరగదు. ఇలాంటి ప్రశ్నలో ఎం కనపడకపోతే, నెట్టే బలాన్ని దిమ్మె బరువులో సగమనో మూడో వంతనో ఇచ్చారేమో ఇంకోసారి చదవండి. ఇస్తే ఎం మళ్లీ కొట్టుడు పోతుంది. ఇవ్వకపోతే చెయ్యెత్తి, ఎం ఇవ్వలేదని అడగండి.